కాంచన వేసిన ముడి

“అది మా గోరింక.”

“కాదు. మాది.”

“పొద్దున మా పెరట్లో రాగిముద్ద తినిపోయినాది. కావాలంటే మా అమ్మను అడుగు.”

“ఇప్పుడు యాడ తింటా ఉండాది? మా పెరట్లోనే కదా? కండ్లు యాడ పెట్టుకోనుండావు?”

ముళ్ళకంచెకు ఇటు కాంచన. అటు షణ్ముగం. ఇద్దరిదీ ఐదో క్లాసే. అరపరీక్షలు అయిపోయి సెలవులు ఇచ్చారు. సెలవుల్లో రోజుకొక తగవు లేకపోతే వాళ్ళిద్దరికీ పొద్దుపోదు. ఈసారి తగవు ఒక గోరింక గురించి.

గోరింక మాత్రం ఈ గొడవ పట్టించుకోలేదు. పగిలిన కుండ పెంకులో కాంచన పెట్టిన మెతుకులు ఏరుకుని తింటోంది. నల్లటి తల, కంటి చుట్టూ పసుపు, కాళ్ళు పసుపు. నడక మాత్రం అచ్చం బస్సు కండక్టరుది. నాలుగడుగులు వేస్తుంది. అటూ ఇటూ చూస్తుంది. మళ్ళీ నాలుగడుగులు వేస్తుంది. దాని జత మునగ చెట్టు మీద కూర్చుని కాపలా కాస్తోంది.

పళ్ళిపట్టు ఊళ్ళో ఆ వీధంతా నేతవాళ్ళదే. ప్రతి ఇంట్లోనూ మగ్గం ఉంది. నేసే ముందు నూలుకు గంజి పెట్టాలి. అందుకని బియ్యాన్ని మెత్తగా ఉడికించి బట్టలో వడగడతారు. గంజి నూలుకు పోతుంది. బట్టలో మిగిలిన పిప్పి పెరట్లోకి పోతుంది. మార్గళి నెల చలిలో పిట్టలకు ఆ పిప్పే పొద్దుటి పలారం. పిచ్చుకలు వస్తాయి. పికిలిపిట్టలు వస్తాయి. కాకులు పిలవకపోయినా వస్తాయి.

కాంచన వాటికి పిప్పి పెట్టి, వంటింటి గడప మీద కూర్చుని చూస్తుంది. అన్నిటిలోకీ తనకు ఇష్టమైంది ఈ గోరింకే. తను పిలిస్తే వస్తుందని కాంచన నమ్మకం. నిజానికి పిలవకపోయినా వస్తుంది. ఆ సంగతి కాంచన ఎప్పుడూ పరీక్షించి చూడలేదు.

“మాది మాది అంటా ఉండావే,” అన్నాడు షణ్ముగం కంచె మీద గడ్డం ఆనించబోయి, ముల్లు గుచ్చుకుని వెనక్కి జరుగుతూ. “దాని మీద నీ పేరు రాసుండాదా?”

కాంచన గోరింకను తల నుంచి కాలి దాకా చూసింది. పేరు ఎక్కడా లేదు.

షణ్ముగం నవ్వుకుంటూ లోపలికి పోయాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

*

మర్నాడు తెల్లారేసరికి వీధంతా మంచు. ఎదురింటి దీపం కూడా మసక మసకగా కనిపిస్తోంది.

అంత చలిలోనూ వీధిలో పని మొదలైంది. చీర నిడివికి పోయే నూలు పోగులన్నిటినీ కలిపి పడుగు అంటారు. ఆ పడుగును వీధి పొడుగునా కర్రల మధ్య లాగి కట్టారు. కాంచన నాన్న సుందరరాజులు పెద్ద కుంచెతో గంజి పూసుకుంటూ వెళుతున్నాడు. కుంచె లాగినప్పుడల్లా ఎక్కడో ఒక పోగు తెగుతుంది. తెగిన పోగును వెంటనే అతకాలి. ఆ పని పిల్లలది. పిల్లల వేళ్ళు సన్నగా ఉంటాయి కాబట్టి.

“కాంచనా, ఈడొకటి తెగినాది.”

కాంచన పరుగెత్తింది. రెండు కొసలు పట్టుకుంది. ఒకదాని మీద ఒకటి వేసి, బొటనవేలితో తిప్పి, లాగింది. ముడి పడింది. ఆవగింజంత ముడి. నాన్న దాని మీదుగా కుంచె లాగాడు. ముడి కదల్లేదు.

అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న మునెమ్మ అవ్వ మురిసిపోయింది.

“చూసినావా సుందరం? నా మనవరాలు ముడి వేసిందంటే, ఆ తిరుత్తణి మురుగన్ సామి కొండ దిగి వచ్చినా విప్పలేడు.”

“పొగిడింది చాల్లేమ్మా,” అన్నాడు నాన్న. “ఇప్పటికే ఆయమ్మ కాలు నేల మీద నిలవడం లేదు.”

కాంచన కాలు నిజంగానే నేల మీద నిలవలేదు. ఇంకో పోగు తెగింది. పరుగెత్తింది.

గంజి పెట్టడం అయ్యాక నాన్న పడుగు కొసకు ఒక ఎర్ర పోగు కట్టాడు. ఎండలో ఆరేసిన పడుగులన్నీ తెల్లగా ఒక్కలాగే ఉంటాయి. ఏది ఎవరిదో తెలియాలి కదా. అందుకని ఎవరి పడుగుకు వాళ్ళ రంగు కట్టుకుంటారు. కాంచన వాళ్ళది ఎరుపు. షణ్ముగం వాళ్ళది పచ్చ. వీధిలో అందరికీ ఆ రంగులు తెలుసు. ఎర్ర పోగు కనిపిస్తే చాలు, అది సుందరరాజులు సొత్తు. ఇంకెవరూ చెయ్యి పెట్టరు.

కాంచన ఆ ఎర్ర పోగు వంక చూసింది. చాలాసేపు చూసింది.

పేరు రాయడానికి పలకా బలపమే కావాలా ఏమిటి?

*

మధ్యాహ్నం ఇంట్లో అందరూ పనిలో ఉన్నారు. నాన్న మగ్గంలో ఉన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర. అవ్వ రాట్నం తిప్పుతూ నూలును కండెలకు చుడుతోంది. కండెలు వేసే వెదురుబుట్ట మాత్రం అవ్వ పక్కన లేదు.

అది పెరట్లో ఉంది. బోర్లించి ఉంది. ఒక వైపు చిన్న పుల్ల ఆధారంగా పైకి లేచి ఉంది. పుల్లకు దారం కట్టి ఉంది. దారం ఇంకో కొస గడప వెనక దాక్కున్న కాంచన చేతిలో ఉంది.

బుట్ట కింద పెంకు. పెంకులో పిప్పి.

గోరింక వచ్చింది. నాలుగడుగులు వేసింది. అటూ ఇటూ చూసింది. రోజూ తినే పెంకు, రోజూ పెట్టే పిప్పి. దానికి అనుమానం రాలేదు. బుట్ట కిందికి నడిచింది.

కాంచన దారం లాగింది.

బుట్ట పడింది. లోపల రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. మునగ చెట్టు మీద జత గోరింక గొంతు చించుకుని అరిచింది. కాంచన బుట్ట కిందికి చెయ్యి పోనిచ్చి పట్టుకుంది. గోరింక వేలు కొరికింది. అయినా వదల్లేదు.

“సుమ్మా ఉండు బంగారం, ఊరికే ఉండు. నిన్నేం చెయ్యను. ఇదో, అయిపోయినాది.”

అరచేతి కింద దాని గుండె కొట్టుకుంటోంది. మగ్గంలో నాడె అటూ ఇటూ పరుగులు పెట్టినట్టు, అంత వేగంగా. కాంచన అది గమనించింది. కానీ అప్పుడు ఆమె కళ్ళు పసుపు కాలి మీద ఉన్నాయి. ఎర్ర పోగును కాలి చుట్టూ తిప్పింది. బిగించలేదు. కందిగింజ దూరేంత సందు ఉంచింది. తను మరీ అంత బుద్ధిలేనిది కాదు. ముడి వేసింది. దూరానికి కూడా కనిపించాలని వేలెడు పోగు తోకలా వదిలింది.

చెయ్యి తీసింది. గోరింక ఎగిరిపోయింది. వెనక ఎర్రటి తోక ఊగింది.

“షణ్ముగం,” అని పిలిచింది కాంచన కంచె దగ్గరికి పోయి. “రా, వచ్చి చూడు. పేరు రాసినా.”

షణ్ముగం వచ్చాడు. మునగ చెట్టు వైపు చూశాడు. ఎర్ర పోగు కనిపించింది. వాడి ముఖంలో నవ్వు పోయింది.

“అట్ల కట్టొచ్చునా?”

“నా గోరింక. నా ఇష్టం.”

షణ్ముగం లోపలికి పోయాడు. కాంచన గెలిచింది. ఆ రోజు రాగిసంగటి కూడా ఒక ముద్ద ఎక్కువ తిన్నది.

*

గెలుపు ఎక్కువ రోజులు నిలవలేదు.

గోరింక పెంకు దగ్గరికి రావడం మానేసింది. పిచ్చుకలు వచ్చాయి. కాకులు వచ్చాయి. గోరింక మాత్రం మునగ కొమ్మ మీదే కూర్చుంటుంది. కాంచన గడప మీదికి వచ్చిందంటే లేచి కంచె దాటిపోతుంది. అవతల షణ్ముగం పెరట్లో వాలుతుంది. జత కూడా అంతే.

‘రేపు వస్తాదిలే,’ అనుకుంది కాంచన. మర్నాడూ అదే అనుకుంది.

ఒకరోజు పొద్దున షణ్ముగమే కంచె దగ్గరికి వచ్చి పిలిచాడు. గొంతులో వెక్కిరింపు లేదు. అందుకే కాంచనకు భయం వేసింది.

“మే కాంచనా. నీ గోరింక కుంటతా ఉండాది.”

“నా గోరింకా?”

“నీదే కదా. నీ పేరే కదా రాసుండాది.”

కాంచన పక్కనున్న బండరాయి ఎక్కి కంచె మీదుగా చూసింది. గోరింక రాగిముద్ద దగ్గర నిలబడి ఉంది. ఒంటి కాలి మీద. రెండో కాలు కడుపు కింద ముడుచుకుంది. ఒకసారి ఆ కాలు దించింది. దించగానే ఎత్తేసింది. కాలు లావుగా ఉంది. ఎర్ర పోగు పైకి కనిపించడం లేదు. వాచిన కాలిలోకి దిగిపోయింది. వేలాడే తోక మాత్రమే కనిపిస్తోంది.

కండక్టరు నడక లేదు. కుంటుకుంటూ రెండడుగులు వేసి ఆగిపోయింది.

కాంచనకు అర్థం కాలేదు. తను బిగించలేదే. సందు ఉంచిందే. బాగా గుర్తుంది.

లోపలికి పోయి అవ్వ రాట్నం పక్కన కూర్చుంది. కాసేపు ఊరికే కండెలు సర్దింది.

“అవ్వా, వదులుగా వేసిన ముడి, దానంతట అదే బిగుసుకుంటాదా?”

“ఎందుకు బిగుసుకోదు? తడిస్తే బిగుసుకుంటాది.” అవ్వ రాట్నం ఆపలేదు. “అందుకే కదమ్మా మనం గంజి తడిలో అతికేది. నూలు తడిసి, ఎండి, మళ్ళా తడిసి, మళ్ళా ఎండి... కడాకు రాయి అయిపోతాది. ఎందుకు అడుగుతా ఉండావు?”

“సుమ్మా,” అంది కాంచన.

కిటికీలోంచి చూసింది. బయట మంచు ఇంకా విడలేదు. మునగ ఆకుల మీది నుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు కారుతున్నాయి.

ప్రతి పొద్దునా మంచు. ప్రతి పొద్దునా ఆ చెట్టు మీద గోరింక తడుస్తోంది. ప్రతి మధ్యాహ్నం ఎండలో ఆరుతోంది. కాంచన వేసిన ముడి రోజూ కొంచెం కొంచెం బిగుసుకుంటోంది.

ఇప్పుడు కూడా.

*

మొదట బుట్టతోనే ప్రయత్నించింది. బుట్ట కనబడగానే గోరింక అరిచిన అరుపుకు పిచ్చుకలు కూడా లేచిపోయాయి. బుట్టను అది మరిచిపోలేదు.

ఇంక ఒకటే దారి ఉంది. ఆ దారి షణ్ముగం ఇంటి గుమ్మంలోంచి పోతుంది.

షణ్ముగం అరుగు మీద కూర్చుని మరమరాలు తింటున్నాడు. కాంచనను చూసి పొట్లం వెనక్కి దాచాడు.

“నీ మరమరాలు నాకు వద్దు,” అంది కాంచన. అరుగు గుంజను గోటితో గీరింది. “అది మీ పెరట్లోకే వస్తా ఉండాది కదా.”

“అవును. నేనేం పిలవలేదు.”

“పోగు తీసేయాల. నా దగ్గరికి రాదు. నన్ను చూస్తే పారిపోతాది. నువ్వు తోడుండాల.”

షణ్ముగం మరమరాలు నమిలాడు. తొందరేమీ లేకుండా నమిలాడు.

“మరి అది ఎవరి గోరింక?”

కాంచన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. షణ్ముగం నమలడం ఆపేశాడు.

“సరే, సరే, ఏడవొద్దు. సుమ్మా అడిగినా. పా.”

ఇద్దరూ వాళ్ళ పెరట్లో రుబ్బురోలు పక్కన కూర్చున్నారు. ముందు రాగిముద్ద పెట్టుకున్నారు. కదలకూడదు. మాట్లాడకూడదు. తుమ్మకూడదు. షణ్ముగం తుమ్మాడు. మళ్ళీ మొదటి నుంచి.

షణ్ముగం అమ్మ పొన్నమ్మ నీళ్ళ బిందెతో అటు వచ్చింది.

“ఏంది, ఇద్దరూ అమ్మవారి గుడి ముందర బొమ్మల మాదిరి కూర్చోనుండారు? కొట్లాడుకోలేదా ఇయ్యాల?”

“ఉష్, అమ్మా. పో అట్ల.”

పొన్నమ్మ ఇద్దరినీ చూసింది. ఎండ తగలకుండా నుదుటికి చెయ్యి పెట్టుకుని ఆకాశం కూడా చూసింది, ఏమైనా వింత జరగబోతోందేమోనని. బిందె దించకుండానే లోపలికి పోయింది.

చివరికి గోరింక దిగింది. రాగిముద్దకు దూరంగా వాలింది. ఒంటి కాలి మీద గెంతింది. ఆగింది. మళ్ళీ గెంతింది. ఇంకొక్క గెంతు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

కాంచన చెయ్యి చాపలేదు. ఒకసారి చాచి చూసింది కదా. అది తనంతట తానే రావాలి.

అప్పుడే గోడ మీది నుంచి పిల్లి దూకింది.

గోరింక లేచింది. తిన్నగా కంచె మీదుగా ఎగిరింది. ఉన్నట్టుండి గాలిలోనే ఆగిపోయింది.

ఎర్ర పోగు తోక ముల్లుకు చుట్టుకుంది.

గోరింక తలకిందులుగా కంచెకు వేలాడుతోంది. రెక్కలు కొట్టుకుంటోంది. కొట్టుకున్న కొద్దీ పోగు కాలిలోకి దిగుతోంది. కింద పిల్లి పొట్ట నేలకు ఆనించి ముందుకు పాకుతోంది.

“పిల్లిని చూడు నువ్వు,” అంటూ కాంచన పరుగెత్తింది.

షణ్ముగం చీపురు అందుకున్నాడు. పిల్లి వెనక పెరడంతా తిరిగాడు. వాడి చేతిలో చీపురు, నోటిలో వాడికి తెలిసిన తిట్లన్నీ. పిల్లి గోడెక్కి పారిపోయింది.

కాంచన భుజం మీది తువ్వాలు తీసి గోరింకను చుట్టింది. ముళ్ళు చేతులకు గీసుకున్నాయి. తల కప్పగానే గోరింక కొట్టుకోవడం తగ్గింది. ముల్లు మీది పోగును పళ్ళతో కొరికి తెంపింది. ముడి మాత్రం కాలి మీదే ఉంది. గోటితో గిల్లి చూసింది. రాలేదు. మళ్ళీ గిల్లింది. గోరు విరిగింది.

ముడి రాయిలా ఉంది. ఇంత బాగా ముడి వేయడం ఆ వీధిలో ఇంకెవరికీ రాదు.

“అవ్వా,” అని పిలిచింది కాంచన. గొంతు సగమే వచ్చింది. షణ్ముగం మిగతా సగం అరిచాడు. “మునెమ్మవ్వా, పరుగెత్తి రా.”

అవ్వ పరుగెత్తలేదు. ఆమె ఏనాడో పరుగెత్తడం మానేసింది. కానీ వచ్చింది. తువ్వాలులోంచి బయటికి ఉన్న కాలు చూసింది. ఎర్ర పోగు చూసింది. కాంచన ముఖం చూసింది. షణ్ముగాన్ని పంపి తన రాట్నం దగ్గరి పెట్టె తెప్పించింది. అందులోంచి కొబ్బరినూనె సీసా, చిన్న కత్తెర, ఒక సన్నని కొక్కెం తీసింది. మగ్గంలో తెగిన పోగును వెనక నుంచి ముందుకు లాగడానికి వాడే కొక్కెం అది.

“తడి పెడితే ఇంకా బిగుసుకుంటాది. నూనె పెట్టు,” అంది.

“నువ్వు చెయ్యి అవ్వా. నాకు భయం.”

“నా కండ్లకు పోగు ఆనదు. నువ్వు వేసిన ముడి, నువ్వే చూసుకోవాల.”

షణ్ముగం గోరింకను తువ్వాలుతో సహా ఒడిలో పట్టుకున్నాడు. కాంచన కాలి చుట్టూ నూనె రాసింది. కొక్కెం మొన పోగు కిందికి పోనివ్వాలి. పోగు ఎంత లోతుకు దిగిందంటే, ఎక్కడ పోగో ఎక్కడ చర్మమో తెలియడం లేదు. కాంచన ఆగింది. పడుగులో తెగిన పోగును వెతికేటప్పుడు ఎలా చూస్తుందో అలా చూసింది. అటు నుంచి కాదు. ఇటు నుంచి.

కొక్కెం లోపలికి పోయింది.

గోరింక మూలిగినట్టు చిన్న చప్పుడు చేసింది. కాంచన పెదవి కొరుక్కుంది. కొక్కెం పైకెత్తింది. దాని మీద ఒక సన్నని ఎర్ర గీత. అవ్వ కత్తెర అందించింది.

టిక్.

ఎర్ర పోగు ఊడి రుబ్బురోలు మీద పడింది. ఇంతే ఉంది. చిటికెన వేలికి కూడా చాలనంత.

“మురుగన్ కొండ దిగి రానక్కరలేదు పో,” అంది అవ్వ నడుం పట్టుకుని లేస్తూ. “నువ్వే తీసినావు కదా.”

కాంచన నవ్వబోయింది. నవ్వుకు బదులు ఏడుపు వచ్చింది. అవ్వ తన కొంగుతో ఆమె ముక్కు తుడిచింది.

తువ్వాలు తీయగానే గోరింక నేల మీద వాలిపోయింది. కళ్ళు మూసింది. ముగ్గురూ కదల్లేదు. మునగ చెట్టు మీద నుంచి జత పిలిచింది. గోరింక కళ్ళు తెరిచింది. వంకరగా లేచింది. పొన్నమ్మ ఇంటి పైకప్పు మీద వాలింది. అక్కడి నుంచి చెట్టు మీదికి. అక్కడి నుంచి, జత వెంట, ఊరి అవతలికి.

*

తరువాత చాలా రోజులు గోరింకలు రాలేదు.

వెదురుబుట్ట మళ్ళీ కండెలతో నిండి అవ్వ పక్కకు చేరింది. కుండ పెంకు చోటు మారింది. కాంచన దాన్ని గడప ముందర నుంచి తీసి, కంచె అడుగున పెట్టింది. ముళ్ళు పలచగా ఉన్న చోట సగం ఇటు, సగం అటు. ఇటు నుంచి కాంచన పిప్పి వేస్తుంది. అటు నుంచి షణ్ముగం రాగిముద్ద వేస్తాడు.

వేసే ముందు కాంచన ఇంకో పని కూడా చేస్తోంది. పిప్పిని చేటలో పరిచి వెతుకుతుంది. గంజిబట్టలోంచి వచ్చిన నూలు ముక్కలు ఉంటే ఏరి తీసేస్తుంది. పెరట్లో పడిన పోగులను కూడా ఏరి, అవ్వ చింకిగుడ్డల సంచిలో వేస్తుంది.

“ఏందమ్మా, ఇల్లు ఇంత శుభ్రంగా ఉండాది?” అన్నాడు నాన్న, చీరలు అమ్మి తిరుత్తణి బస్సు దిగి వచ్చిన రోజు.

“నీ కూతురికి బుద్ధి వచ్చినాది,” అంది అమ్మ. “ఎన్ని దినాలు ఉంటాదో చూడాల.”

సెలవులు అయిపోయి, బడి కూడా తెరిచారు. వీధిలో మళ్ళీ పడుగు వేశారు. మళ్ళీ పోగులు తెగాయి. కాంచన మళ్ళీ పరుగెత్తి ముడులు వేసింది. అన్నీ అయ్యాక నాన్న ఎర్ర పోగు ఉండ ఆమె చేతికిచ్చాడు.

“ఈసారి నువ్వు కట్టు.”

కాంచన పడుగు కొసకు ఎర్ర పోగు కట్టింది. గట్టిగా. పడుగుకు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది. మిగిలిన ముక్క కింద పడింది. వంగి తీసి, పావడా బొందులో దోపుకుంది.

పెరట్లోకి పోయేసరికి షణ్ముగం కంచె అవతల గొంతుకూర్చుని ఉన్నాడు. నోటి మీద వేలు పెట్టుకుని, కళ్ళతో చూపించాడు.

పెంకు దగ్గర రెండు గోరింకలు. వాటి వెనక ఇంకో జత. పికిలిపిట్ట ఒకటి. పిచ్చుకలకు లెక్కే లేదు.

ముందున్న గోరింక నాలుగడుగులు వేసింది. అటూ ఇటూ చూసింది. మళ్ళీ నాలుగడుగులు వేసింది. కండక్టరు నడకే. కాకపోతే, ఈ కండక్టరు నాలుగో అడుగు దగ్గర కొంచెం తడబడ్డాడు.

“అదేనా?” అని గుసగుసగా అడిగాడు షణ్ముగం.

కాంచన చూసింది. కుడి కాలి మీద, ముడి ఉన్న చోట, చర్మం మీద సన్నని గీత ఉంది. గీత ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. ఆమె వేళ్ళకు ఇంకా బాగా తెలుసు.

గోరింక తల ఎత్తి ఆమె వైపు చూసింది. కాంచన కదల్లేదు. అది మళ్ళీ తల వంచి మెతుకు ఏరుకుంది.

“ఏమో,” అంది కాంచన. “తిననీ.”

గోరింక పెంకు చుట్టూ తిరిగి, కంచె సందులోంచి అవతలికి నడిచింది. కాసేపటికి ఇవతలికి వచ్చింది. మళ్ళీ అవతలికి పోయింది. ఎన్నిసార్లు పోయిందో, ఎన్నిసార్లు వచ్చిందో ఇద్దరిలో ఎవరూ లెక్కపెట్టలేదు.